మా బాబాయి, మూడు చిక్కుడు గింజలు

మా బాబాయి ఈ లోకంలో చిక్కుడు గింజను తప్ప ఇంకెవర్నీ నమ్మడు. డాక్టర్లను నమ్మడు, వార్తల్ని నమ్మడు, వాతావరణం చెప్పేవాళ్ళను అసలే నమ్మడు. సొంత అన్న కొడుకునైన నన్ను చచ్చినా నమ్మడు. ఏ వస్తువైనా మా పెరట్లోకి అడుగు పెట్టాలంటే ముందు మూడు చిక్కుడు గింజల దగ్గర పాసవ్వాలి. ఆ గింజలు మొలిచి, ఆకు తొడిగి, ప్రాణభయం లేదని తేల్చాకే ఆయన ఊపిరి పీల్చుకుంటాడు. అప్పటిదాకా తను భయపడతాడు, మమ్మల్ని భయపెడతాడు.

ఈ పిచ్చి వెనక కాస్త శాస్త్రం కూడా ఉంది. పచ్చిక పొలాల్లో కలుపు చావడానికి కొట్టే మందు ఒకటి ఉంటుందట. ఆ గడ్డి తిన్న పశువుకు ఏమీ కాదు గానీ, మందు మాత్రం పేడలోంచి బయటికొచ్చి ఎరువులో నక్కి కూర్చుంటుందట. అలాంటి ఎరువు పెరట్లో పడిందంటే టమాటాలు, చిక్కుళ్ళు సర్వనాశనం. అందుకని ఎరువు రాగానే బాబాయి రెండు కుండీలు పెడతాడు. ఒకదాంట్లో ఉత్త పెరటి మట్టి, రెండోదాంట్లో మట్టితో పాటు కొత్త ఎరువు. రెండింట్లోనూ మూడేసి గింజలు, ఇరవై ఒక్క రోజుల గడువు. ఎరువు మంచిదైతే కొత్త ఆకులు అరచెయ్యిలా విచ్చుకుంటాయి. మందుందంటే పిడికిలిలా ముడుచుకుపోతాయి.

ఇంతవరకూ ఎవరికీ అభ్యంతరం లేదు. అక్కడితో ఆగితే ఆయన మా బాబాయి ఎందుకవుతాడు? కొత్త రబ్బరు పైపు కొంటే, ఆ పైపు నీళ్ళు మూడు వారాలు చిక్కుడు మొక్కలకే పోశాడు. మిగతా పెరడంతా చెంబులతో మోసి తడిపింది నేను. పక్కింటి కండక్టర్‌గారు ఆప్యాయంగా ఓ బస్తా ఎండుటాకులిస్తే, ఆయన ఎదుటే రెండు కుండీలు తెచ్చి పెట్టాడు. కండక్టర్‌గారు నెలరోజులు మాతో మాట్లాడలేదు. డాక్టరమ్మ మా ఆవిడకు రాసిన టానిక్కుని కూడా మూడు చుక్కలు చిక్కుడుకి పోశాడు. మొక్క ఏపుగా పెరిగింది. "డాక్టరమ్మ చదువుకున్న మనిషేరా" అని ఒప్పుకున్నాడు.

బాబాయి ఉద్యోగం చేసింది మంచినీళ్ళ ఫిల్టర్ హౌస్‌లో. రోజూ పొద్దున్నే నీళ్ళు పరీక్ష చేసి, సంతకం పెట్టి, ఊరికి వదలడం ఆయన పని. పరీక్ష అయ్యాక ఒక గ్లాసు తనే తాగి, పది నిమిషాలు ఆగి, అప్పుడు సంతకం పెట్టేవాడట. పై అధికారి కోప్పడ్డాడు.

"ఆ గ్లాసు తాగమని రూల్సులో ఎక్కడుందయ్యా?"

"రూల్సులో లేదండి, భయంలో ఉంది" అన్నాడట మా బాబాయి.

రిటైరయ్యాక ఊరి మీద ఉన్న భయమంతా తెచ్చి పెరట్లో నాటాడు. పిన్ని ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. ఇంట్లో ఆయన, నేను, మా ఆవిడ. మామూలు మనుషులకు ఏడాదికి మూడు కాలాలైతే మా బాబాయికి మూడు భయాలు. ఎండాకాలం భూమి కాలిపోతుందని ప్రతి మడికీ ఎండుగడ్డి కప్పి, మధ్యాహ్నం గడ్డి ఎత్తి వానపాములు బతికున్నాయో లేదో చూసుకునేవాడు. వానాకాలం నత్తలంటే భయం, బూజు తెగులంటే భయం. చంపడానికి మనసొప్పక నత్తల్ని ఒక్కొక్కటే ఏరి, బక్కెట్లో వేసి, వీధి చివర ఖాళీ స్థలం దాకా మోసుకెళ్ళి దింపి వచ్చేవాడు. చలికాలం ఆకుల వెనక పేనుబంక పడుతుందని వెల్లుల్లి నూరి సబ్బు నీళ్ళలో కలిపి చల్లేవాడు. ఆ నాలుగు నెలలూ మా ఇంటికి చుట్టాలు తగ్గేవారు.

పేనుబంక కంటికి ఆనడం లేదని బాబాయి సణుగుతుంటే జాలిపడి ఒక భూతద్దం తెచ్చిచ్చాను. నాది కళ్ళజోళ్ళ దుకాణంలో పని. నా చేతులతో నేనే తెచ్చి ఇచ్చానన్నది తల్చుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇక మా ఆవిడ సంగతి చెప్పకపోతే ఈ కథ లేదు. ఆవిడకు రెండుసార్లు కడుపు నిలిచింది, రెండుసార్లూ మూడో నెలలోనే పోయింది. తప్పు ఎవరిదీ కాదని డాక్టరమ్మ వంద చెప్పింది. ఆవిడ వినలేదు. ఏదో తిన్నాను, ఏదో తాగాను, అందుకే ఇలా అయిందని మనసులో గట్టిగా పడిపోయింది. రెండోసారి ఆస్పత్రి నుంచి వచ్చాక కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టుకోవడానికి భయపడేది. అది చూస్తూ నేనూ తినలేకపోయేవాణ్ణి.

మూడోసారి కబురు తెలిసిన రోజు మాలో ఎవరూ సంతోషించలేదు. ముగ్గురం ముఖాలు చూసుకున్నాం. బాబాయి గొంతు సవరించుకుని, "ఇవాళ్టి నుంచి ఈ అమ్మాయికి మన పెరట్లో కాసిందే కూర. అదైనా ముందు నేను తిని అరగంట ఆగాకే" అని శాసనం చేశాడు.

ఆ రోజు నుంచి పూటపూటా అదే తంతు. బాబాయి నాలుగు ముద్దలు తిని, గడియారం ముందు పెట్టుకుని, కదలకుండా కూర్చునేవాడు.

"మామయ్యగారూ, ఇంకా ఎంతసేపు? ఆకలేస్తోంది."

"ఇంకో పదకొండు నిమిషాలమ్మా. ఈలోగా నేను పడిపోతే మాత్రం తినకు."

"మీరు పడిపోతే లేపాలా, అన్నం మూత పెట్టాలా?"

"ముందు మూత పెట్టు. తర్వాత లేపు."

ఆవిడ పకపకా నవ్వేది. నవ్వుతూనే తినేది. ముసలాయన చాదస్తం ఈ రకంగా పనికొచ్చిందిలే అనుకునేవాణ్ణి నేను.

అంతలో ఎండాకాలం చివర్లో మా నెత్తిన పిడుగు పడింది. బీర పాదు పందిరికి తాడు కడుతూ బాబాయి నిచ్చెన మీంచి జారాడు. పడేటప్పుడు కూడా కింద నారుమడి ఉందని గుర్తొచ్చి పక్కకు దొర్లాడట. నారు బతికింది, కాలు రెండు చోట్ల విరిగింది. ఐదు నెలలు మంచం దిగకూడదన్నారు. ముందు గదిలో మంచం వేశాం. దాని కిటికీ వీధి వైపుంది, పెరడు కనపడదు. విరిగిన కాలు కంటే ఆయన్ని అదే ఎక్కువ బాధించింది.

"ఒరేయ్ అబ్బాయ్, ఇలా కూర్చో. పెరడు నీ చేతిలో పెడుతున్నా. పాత మడి ఇంకో రెండు నెలలు కాస్తుంది. ఆ తర్వాత ఈ పిల్లకి ఐదో నెల నుంచి ప్రసవం దాకా కొత్త మడే ఆధారం. అర్థమైందా?"

"అయింది బాబాయ్."

"పెరటి మెట్లు వానకి పాచి పడతాయి. అమ్మాయిని అటు అడుగు పెట్టనివ్వకు. మేడ మెట్లూ అంతే. డెయిరీ ఆయన ఎరువు తెస్తాడు. రెండు కుండీలు, మూడేసి గింజలు, ఇరవై ఒక్క రోజులు. ఇరవై ఒకటంటే ఇరవై కాదు."

"ఎందుకంత భయం? నేను చూసుకుంటాగా."

"నువ్వు చూసుకుంటావనే భయం."

డెయిరీ ఆయన ఎనిమిది బస్తాలు దింపి వెళ్ళాడు. నేను బుద్ధిగా రెండు కుండీల్లో గింజలు వేసి, ఉడతలు అందుకోకుండా మేడ మీద ఎత్తయిన గోడపై పెట్టాను. ఆ వారమే బడులు తెరిచారు. ఊళ్ళో పిల్లలందరికీ ఒకేసారి చూపు తగ్గినట్టు దుకాణం కిటకిటలాడింది. ఎనిమిదో రోజు గుర్తొచ్చి పరుగెత్తుకుంటూ మేడెక్కాను. రెండు కుండీల్లోనూ మొలకలు ఎండి చీపురు పుల్లలైపోయాయి. ఎరువు మంచిదా చెడ్డదా అన్న విషయంలో రెండు కుండీలూ ఒకే మాట మీదున్నాయి.

మళ్ళీ మొదలుపెడదామంటే ఆ సాయంత్రమే తొలకరి పడింది. బస్తాలు తడిసి కారుతున్నాయి. నారు ముదిరిపోతోంది. ఇంకో మూడు వారాలు ఆగితే మొక్క పనికిరాదు. డెయిరీ ఆయన మంచివాడే కదా, ఎన్నేళ్ళుగా తెస్తున్నాడు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకుని, కొత్త మడి నిండా ఆ ఎరువు వేసి టమాటా, వంగ, చిక్కుడు, దోస నాటేశాను.

ఇరవై ఒకటో రోజు దగ్గరకొచ్చింది. బాబాయి మంచం మీంచి వేళ్ళు లెక్కపెడుతున్నాడు. గత్యంతరం లేక గోడ దగ్గర నిలబడి కండక్టర్‌గారిని పిలిచాను.

"మీ చిక్కుడు మొక్కలు ఓ ఆరు ఇప్పిస్తారా?"

"దేనికండీ?"

"పరీక్ష ఉంది."

కండక్టర్‌గారు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "మొక్కల చేత కూడా కాపీ కొట్టిస్తున్నారా?"

ఎన్నో ఏళ్ళు టికెట్ లేనివాళ్ళను పట్టుకున్న మనిషి, నన్ను మాత్రం దయతలచి వదిలేశాడు. ఆరు మొక్కలూ వేళ్ళతో సహా తవ్వి ఇచ్చాడు. వాటిని రెండు కుండీల్లో నాటి, మట్టి సర్ది, బాబాయి మంచం దగ్గర పెట్టి నిలబడ్డాను. బాబాయి భూతద్దం తీశాడు. ఆకు చూశాడు, ఆకు వెనక చూశాడు, కాడ మీద వేలు పెట్టి పై నుంచి కిందికి రాశాడు. తలెత్తి నావైపు చూశాడు. నేను గోడ మీద బల్లి వైపు చూశాను.

అప్పుడే మా ఆవిడ గుమ్మంలోకి వచ్చింది. అది మూడో నెల. ఆ నెలంతా ఆవిడ అడుగు తీసి అడుగు వేయడానికి కూడా భయపడుతోంది.

"మామయ్యగారూ, ఎరువు మంచిదేనా?"

బాబాయి ఆవిడను చూశాడు, నన్ను చూశాడు, మళ్ళీ కుండీలను చూశాడు.

"బ్రహ్మాండం తల్లీ. ఇలాంటి ఎరువు నా జన్మలో చూళ్ళేదు" అన్నాడు.

బతికిపోయాననుకున్నాను. నాటిన మూడో వారానికల్లా తెలిసొచ్చింది. పొద్దున్నే పెరట్లోకెళ్ళి చూస్తే టమాటా చిగుళ్ళు ముడుచుకుని ఉన్నాయి. నీళ్ళెక్కువయ్యాయేమో అని నీళ్ళు తగ్గించాను. తగ్గాయేమో అని పెంచాను. ఐదో రోజుకు చిక్కుళ్ళు కూడా పిడికిళ్ళు బిగించాయి. మడి నిండా పిడికిళ్ళే. ఆ మొక్కలన్నీ కలిసి నా మీదికి వస్తున్నట్టుండేది. ఎండుగడ్డి కింద చెయ్యి పెట్టి ఆ ఎరువు వాసన చూశాను. మామూలు పేడ వాసనే. అందులో ఏముందో, ఎంతుందో, ఆ మడిలో కాసింది తింటే ఏమవుతుందో నాకు తెలియదు. అడుగుదామంటే తెలిసిన మనిషి ఒక్కడే. ఆయన ముందు గదిలో ఉన్నాడు.

రోజూ సాయంత్రం నాకు హాజరు తప్పేది కాదు.

"ఆకులెలా ఉన్నాయిరా?"

"విచ్చుకున్నాయి బాబాయ్, విసనకర్రల్లా ఉన్నాయి."

"ఒకటి పట్రా, చూద్దాం."

గోడ మీంచి చెయ్యి చాపి కండక్టర్‌గారి టమాటా మొక్క ఆకు తెంపుకొచ్చేవాణ్ణి. కండక్టర్‌గారు వారానికోసారి మందు కొడతాడు. బాబాయి ఆకు ముక్కు దగ్గర పెట్టుకోగానే తుమ్ములు అందుకునేవి.

"ఈ వాసనేమిట్రా?"

"వాన వాసన బాబాయ్."

"ఓహో. ఈ ఏడు వానలు ఘాటుగా ఉన్నాయన్నమాట" అని మళ్ళీ తుమ్మేవాడు.

పాత మడి కాపు తగ్గుతూ వచ్చి ఒక పొద్దున నాలుగు బెండకాయలతో అయిపోయింది. బుట్ట పట్టుకుని కొత్త మడి ముందు నిలబడ్డాను. ఆ ఎరువులోనూ దోసపాదు మొండిగా రెండు కాయలు కాసింది. చెయ్యి చాపాను. కోయలేకపోయాను. మా ఆవిడ, ఆవిడ కడుపులో బిడ్డ కళ్ళ ముందు మెదిలారు. పోనీ నిజం చెబుదామా అంటే, ఎరువు పరీక్ష అబద్ధమని తెలిసిన మరుక్షణం ఆవిడ కంచం పక్కకు తోసేస్తుంది. ఇన్నాళ్ళూ తిన్నదాని గురించి కూడా దిగులు పడుతుంది. అటు తిరిగినా భయమే, ఇటు తిరిగినా భయమే. ఖాళీ బుట్టతో సైకిలెక్కి, తెలిసినవాళ్ళెవరూ రాని దూరపు బజారుకు వెళ్ళాను.

అక్కడ ఇంకో చిక్కు వచ్చింది. బజారు కూరగాయలు మరీ అందంగా ఉన్నాయి. వంకాయలు నూనె రాసుకున్నట్టు మెరుస్తున్నాయి, టమాటాలన్నీ ఒకే అచ్చులో పోసినట్టున్నాయి. మా పెరటి కాయ అంటే ఒకటి కుంటిది, ఒకటి గుడ్డిది, ప్రతిదానికీ ఓ పురుగు బొక్క ఉండి తీరాలి. "పురుగు ముట్టుకుందంటే మందు పడలేదన్నమాట" అని బాబాయి పురుగు బొక్క కనపడితే పండగ చేసుకుంటాడు. అందుకని దారిలో చెట్టు కింద ఆగి, కూరగాయలకు మట్టి పులిమి, చొక్కా జేబులోంచి కళ్ళజోళ్ళు బిగించే సన్న స్క్రూడ్రైవర్ తీసి, వంకాయలకు, దోసకాయలకు తలా ఒక బొక్క పెట్టాను. దారిన పోయేవాడొకడు ఆగి చూసి, అడుగులు పెంచి వెళ్ళిపోయాడు.

బుట్ట బాబాయి మంచం మీద పెట్టాను. భూతద్దం కాయ కాయకీ తిరుగుతోంది.

"మంచి పురుగురా" అన్నాడు చివరికి. "పనితనం ఉంది."

కూరైంది. బాబాయి ముద్ద నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని, గడియారం పట్టుకు కూర్చున్నాడు. ఆయన నుదురంతా చెమట పట్టింది. కాలు సలుపుతోంది కాబోలనుకున్నాను. అరగంట అయ్యాక, "రా తల్లీ, తిను. మన మట్టి రుచే వేరు" అన్నాడు.

ఐదో నెల, ఆరో నెల, ఏడో నెల. మా ఆవిడ ఒళ్ళు చేసింది, బుగ్గలు తేలాయి. డాక్టరమ్మ సంతోషించి, "ఏం పెడుతున్నారు?" అని అడిగింది. "మామయ్యగారి పెరటి కూరలండీ" అంది మా ఆవిడ. "అలాగే కానివ్వండి" అంది డాక్టరమ్మ. పక్కన నేను సైకిల్ తాళం మింగినవాడిలా నిలబడ్డాను. ఆవిడకు ఏ కాస్త నడుం నొప్పి వచ్చినా, అది నేను తెచ్చిన కూర వల్లే అనిపించి దుకాణంలో కళ్ళజోళ్ళకు అద్దాలు తలకిందులుగా బిగించేవాణ్ణి.

బాబాయి కట్టు విప్పిన మర్నాడు పొద్దున్న చేతికర్ర అందుకున్నాడు.

"పద, పెరట్లోకి."

ఆయన కాలు నయమైన క్షణంలోనే నా రెండు కాళ్ళూ విరిగినట్టయింది.

"వాన పడేలా ఉంది బాబాయ్."

"ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది. నడు."

మెట్లు ఒక్కొక్కటే దింపాను. కొత్త మడి ముందుకొచ్చి ఆగాం. మూడు వరసల టమాటా మోళ్ళు, ముడుచుకుపోయిన చిక్కుళ్ళు, రెండు పండిపోయిన దోసకాయలు. బాబాయి చేతికర్రతో ఒక మోడును కదిపి చూశాడు. ఇక ఆగలేక కుండీలు ఎండిపోవడం దగ్గర్నుంచి దూరపు బజారు దాకా ఏకబిగిన అంతా కక్కేశాను.

"అయిందా?" అన్నాడు.

"అయింది."

"స్క్రూడ్రైవర్ సంగతి చెప్పలేదు."

నేను చొక్కా జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"పురుగు వంకరటింకరగా తొలుస్తుందిరా. తింటూ తిరుగుతుంది. నీ పురుగు మహా క్రమశిక్షణ గలది. అన్ని కాయలకీ ఒకే కొలత, ఒకే లోతు. పైగా దోసకాయ మీద దుకాణంవాడు అంటించిన చీటీ ఒలవకుండా, దాని పక్కనే బొక్క పెట్టావు. ఆ చీటీలన్నీ పీకి దిండు కింద దాచలేక చచ్చాను."

"అయితే ఆ చిక్కుడు మొక్కలు..."

"నేనిచ్చింది తెల్లకాడ గింజ. నువ్వు తెచ్చింది ఊదాకాడ మొక్క. కండక్టర్‌గారి గోడ మీద పాకేది అదే కదరా."

"మరి ఆ రోజు బ్రహ్మాండం అన్నావే!"

బాబాయి ఇంటి వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఎదురుగా ఎవరు నిలబడ్డారు? ఆ పిల్ల ముఖం చూసి ఫెయిలని ఎలా చెప్పమంటావు? కొత్త మడి కాపు వచ్చేసరికి నిన్ను కూర్చోబెట్టి నాలుగు చీవాట్లు పెడదామనుకున్నా. ఈలోగా నువ్వే బజారు కూరలు తెచ్చావు. ఈ మడిలోది ఆ పిల్లకి పెట్టకుండా ఆగావు. ఆ మాత్రం భయం నీకూ ఉందని తెలిశాక నాకు నిద్ర పట్టింది."

"కానీ బజారు కూరంటే నీకు..."

"చచ్చేంత భయం. పూటపూటా చచ్చి బతికాను. చెమటలు నీకు కనపడలేదా?" చేతికర్ర మీద ఒరిగి మెల్లగా అన్నాడు. "కిందటేడు ఆస్పత్రి నుంచి వచ్చాక ఆ పిల్ల మంచినీళ్ళు తాగడానికి కూడా భయపడేది. ధైర్యం చెబితే వినలేదు. నాకేమో ధైర్యం చెప్పడం చేతకాదు, భయపడటం ఒక్కటే వచ్చు. సరే, అదే పూర్తిగా చేద్దామనుకున్నా. ఇంట్లో ఒకడు అందరి తరఫునా భయపడుతుంటే మిగిలినవాళ్ళకి ఆ పని తప్పుతుంది. నన్ను చూసి నవ్వింది, తింది. చాలదూ?"

నాకు అప్పుడు తట్టింది. కిందటేడు దాకా ఎరువుకు తప్ప దేనికీ చిక్కుడు పరీక్ష లేదు. రబ్బరు పైపు, ఎండుటాకులు, టానిక్కు, గడియారం అన్నీ ఆవిడ కంచం పక్కకు తోసిన తర్వాత వచ్చినవే. ఒకే ఇంట్లో ఉంటూ ఇది గమనించలేనందుకు నాకు సిగ్గేసింది.

"పంటెలా ఉంది మామయ్యగారూ?"

ఇద్దరం ఉలిక్కిపడ్డాం. మా ఆవిడ పెరటి గుమ్మంలో, సరిగ్గా మెట్టుకు ఇవతల ఆగి నిలబడి ఉంది. బాబాయి చేతికర్ర అడ్డం పెట్టి మడిని కప్పే ప్రయత్నం చేశాడు.

"మీ ఆయన నీళ్ళు ఎక్కువ పోశాడమ్మా. ఇవాళే... ఇందాకే కుళ్ళిపోయింది."

"మూడు నెలల కిందటే పోయింది లెండి" అంది ఆవిడ తాపీగా. "మీ దిండు గలీబు ఉతుకుతుంటే తొమ్మిది చీటీలు దొరికాయి. అన్నిటి మీదా 'తాజా' అని రాసుంది."

బాబాయి నీళ్ళ బక్కెట్ బోర్లించి దాని మీద కూలబడ్డాడు. "తెలిసే తిన్నావా? భయమెయ్యలేదా?"

"మొదటి చీటీ దొరికిన రోజు చాలా భయమేసింది. ఇక తినకూడదనుకున్నాను. తలుపు చాటునుంచి చూశాను. మీరు ముద్ద చేతిలో పట్టుకుని వణుకుతున్నారు. బజారు కూరంటే మీకెంత భయమో నాకు తెలియదా? అయినా తిన్నారు. చెమటలు కక్కుతూ అరగంట కూర్చుని, తర్వాత నన్ను పిలిచారు. అంత భయపడే మనిషే నాకోసం తిన్నాక నేను భయపడటం ఏం బాగుంటుంది చెప్పండి? అప్పట్నుంచి పెరటిదా, బజారుదా అని ఆలోచించడం మానేశాను."

బాబాయి కళ్ళు తుడుచుకుని, వెల్లుల్లి ఘాటన్నాడు. ఆ రోజు వెల్లుల్లి నూరనే లేదు.

"ఒక్కటే ఇబ్బంది" అంది ఆవిడ నావైపు తిరిగి. "ఇక ఆ బొక్కలు ఆపండి. వాటి చుట్టూ కోసి పారేసేసరికి వంకాయ సగమే మిగులుతోంది. ఇద్దరికి సరిపడా తినాల్సినదాన్ని."

చలికాలం నడుమ ఆడపిల్ల పుట్టింది. నర్సు గుడ్డలో చుట్టి తెచ్చి, ఇంటికి పెద్దవారు కదా అని నేరుగా బాబాయి ముందుకు చాపింది. ఆయన గోడకు అతుక్కుపోయాడు.

"వద్దమ్మా, వద్దు. చేతులు వణుకుతున్నాయి. జారుతుందేమో, నలుగుతుందేమో."

"ఏం కాదు తాతగారూ, పట్టుకోండి" అని నర్సు ఆయన చేతుల్లో పెట్టేసి వెళ్ళిపోయింది.

బాబాయి బిగుసుకుపోయి, ఊపిరి బిగబట్టి, పిల్ల ముఖంలోకే చూస్తూ నిలబడ్డాడు. ఐదు నిమిషాలైంది, పది నిమిషాలైంది. నుదుటి మీద చెమట బొట్లు లేచాయి. నాకు జాలేసింది.

"అంత భయంగా ఉంటే ఇలా ఇవ్వు బాబాయ్, నేను పట్టుకుంటా" అని చేతులు చాపాను.

ఆయన పిల్లని గుండెకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

"నీకిస్తే ఇంకా భయంరా" అన్నాడు.